గ్యాంగులు ఓడ దిగి రాలేదు

నమస్తే అండీ. అమెరికాలో చైనావాళ్లుండే పేటల, అంటే చైనాటౌన్ల గ్యాంగుల మాట వస్తే చాలు, "వాళ్ల దేశం నుంచే మోసుకొచ్చారు" అనేస్తారు. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది నాకు. రహస్య సంఘాల ప్రమాణాలు, పద్ధతులు కొన్ని చైనావే, కాదనను. కానీ వాటికి అంత బలం ఇచ్చింది అమెరికా చట్టాలే.

మీ వీధికి మున్సిపాలిటీ నీళ్లు రావనుకోండి. ట్యాంకర్ వాడొస్తాడు. మొదట్లో దేవుడిలా కనిపిస్తాడు. రెండేళ్లు తిరిగేసరికి ఎవరికి ఎన్ని బిందెలో, బిందె ఎంతో వాడే చెప్తాడు. ఇంకో ట్యాంకర్ వీధిలోకొస్తే కొట్లాటే.

1853, కాలిఫోర్నియా. లింగ్ సింగ్ అనే చైనా గని కార్మికుడిని జార్జ్ హాల్ అనే తెల్లవాడు కాల్చి చంపాడు. చైనావాళ్ల సాక్ష్యంతో హాల్‌కి ఉరిశిక్ష పడింది. 1854లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కారణం? తెల్లవాడి మీద చైనావాడి సాక్ష్యం చెల్లదట! మీ కళ్లముందే మీవాణ్ణి చంపినా కోర్టులో మీ మాటకి విలువ లేదన్నమాట. న్యాయం కుళాయి కట్టేశారు.

తర్వాత సంసారం కుళాయి. 1875 నాటి పేజ్ చట్టంతో చైనా ఆడవాళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. 1882 చట్టం ఏకంగా చైనా కూలీలకి కూడా తలుపులు మూసింది. 1890 నాటికి అక్కడ ఒక్కో చైనా ఆడమనిషికి సుమారు 27 మంది మగవాళ్లు. పని అయ్యాక ఇరుకు గదికి చేరే ఒంటరి మగాళ్లు వాళ్లంతా. జూదం, నల్లమందు, వేశ్యావాటికలు ఎవరి కోసం పెరిగాయో వేరే చెప్పాలా?

ఇక్కడే ట్యాంకర్లు దిగాయి. వాటి పేరు 'టాంగ్'. చైనా భాషలో ఆ మాటకి సభామందిరం అని అర్థం, అంతే. అండలేనివాడికి అండగా నిలిచాయి, తగవులు తీర్చాయి. అదే చేత్తో జూదశాలల నుంచి మామూళ్లు వసూలు చేశాయి. న్యూయార్క్‌లో హిప్ సింగ్, ఆన్ లియాంగ్ టాంగులు ఏళ్ల తరబడి చంపుకున్నాయి. ఒకే వీధి, రెండు ట్యాంకర్లు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్తాను. 1965లో వలస చట్టం మారింది, హాంకాంగ్ నుంచి కుటుంబాలు వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో దాదాపు 1,800 మంది చైనా పిల్లలకి పాఠాలు ఇంగ్లీషులోనే, ఆ ఇంగ్లీషు మాత్రం నేర్పలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1974లో గెలిచింది. ఈసారి కట్టేసింది చదువు కుళాయి. అప్పటికే వా చింగ్, జో బాయ్స్ లాంటి కుర్ర గ్యాంగులు తయారైపోయాయి. 1977 సెప్టెంబర్ 4, అర్ధరాత్రి దాటాక, గోల్డెన్ డ్రాగన్ రెస్టారెంట్‌లో జో బాయ్స్ కాల్పులు జరిపారు. ఐదుగురు పోయారు, 11 మంది గాయపడ్డారు. పోయిన ఐదుగురిలో ఒక్కరూ గ్యాంగువాళ్లు కారు. భోజనానికి వచ్చి కూర్చున్నవాళ్లు.

కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఉన్న కంబోడియా శరణార్థి పిల్లల కథ వచ్చే వీడియోలో.