కట్టిన చీరే మళ్ళీ కట్టండి

అందరికీ నమస్కారం. పులిహోర వాసన ఇక్కడిదాకా వచ్చేస్తోంది కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పర్యావరణానికి మేలు చేసే బట్టల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కమిటీవాళ్ళు. ఆర్గానిక్ కాటన్ కొనండి, అది కొనండి, ఇది కొనండి అంటానని అనుకుని ఉంటారు. నేను అడిగేది ఒక్కటే, ఈ దసరాకి ఏమీ కొనకండి.

ఎందుకంటే మనకి బట్టలు చాలక కాదు కొంటున్నది. మన బెంగళూరులో మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా నవరాత్రులకి రోజుకో రంగు, గ్రూపులో ముందే లిస్టు వచ్చేస్తుంది, ఆ రంగు చీర బీరువాలో ఉన్నా అది పోయినేడాది ఫోటోలో పడిపోయింది కాబట్టి పనికిరాదు, వెంటనే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాం. మగవాళ్ళు నవ్వక్కర్లేదు. ఐదు కిలోమీటర్ల పరుగుకి ఒకటి, ఆఫీసు వార్షికోత్సవానికి ఒకటి, క్రికెట్ టోర్నమెంటుకి ఒకటి, మీ టీషర్టులు లెక్కపెడదామా?

ఒక కాటన్ టీషర్టుకి, పత్తి చేను దగ్గర్నుంచి లెక్కేస్తే, సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంచనా. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం ఎంత టెన్షన్ పడ్డామో మర్చిపోలేదు కదా. 6,000 లీటర్ల ట్యాంకర్ అంటే రెండు టీషర్టులు, అంతే. ఆ నీళ్ళు మన బోరులోవి కావు, ఎక్కడో పత్తి రైతు ఊళ్ళోవి, అందుకే మనకి కనపడవు. తమిళనాడు తిరుప్పూరులో బట్టలకి రంగులద్దే అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిని ఎంత పాడుచేశాయంటే 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లు మూసేయమని చెప్పాల్సి వచ్చింది.

ఇక కుట్టేవాళ్ళు. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి, అయినా మర్నాడు పనిలోకి రమ్మన్నారు. అంత దూరం ఎందుకు, సాయంత్రం పూట మైసూరు రోడ్డు మీదో పీణ్యలోనో గార్మెంట్స్ షిఫ్టు వదిలేటప్పుడు చూడండి, గుంపులుగా బయటికొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. మనం రెండుసార్లు తొడిగి పక్కన పడేసేది అలాంటి చేతుల్లోంచే వస్తుంది.

"అయితే చేనేత కట్టమంటారా?" అని అడుగుతారు. కట్టగలిగితే కట్టండి, కానీ పదిహేను చేనేత చీరలు కొని మడతపెట్టి దాచుకుంటే ఆ నేతగాడికి ఈ ఏడాది పూట గడుస్తుందేమో గానీ మన జబ్బు మాత్రం తగ్గదు. కొంటే ఒకటి కొనండి, దాని వెనక శ్రమ తెలుసుకుని కొనండి. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేసేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అలాంటి చీర మూడు వందలకి ఎలా వస్తుంది చెప్పండి? ఆ ధరకి వచ్చేది పాలిస్టర్ మీద అచ్చు. తిప్పి చూడండి, పోచంపల్లిది ఇకత్ నేత, అందులో నూలుకే ముందు రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనపడుతుంది, అచ్చు గుడ్డ వెనక వైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం. ఈ దసరాకి రంగుల లిస్టు రద్దు చేయమని కమిటీని అడుగుతున్నాను, ఆ గ్రూపు అడ్మిన్ ఇక్కడే ముందు వరసలో కూర్చున్నారు, తప్పించుకోలేరు. రెండోది మనందరి చేతిలో ఉంది: ఎవరైనా చీర కట్టుకుని లిఫ్టులో ఎదురైతే "ఇది మొన్న గృహప్రవేశానికి కట్టిందే కదా" అనకండి. బాగుందనండి, లేకపోతే ఊరుకోండి. ఆ ఒక్క మాటకి భయపడి అయిన ఖర్చు ఎంతో మన క్రెడిట్ కార్డులకి తెలుసు!

మూడోది, వచ్చే ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో టైలర్ మిషన్ వేసుకుని కూర్చుంటారు. జిప్పు పోయినవి, ఫాల్ ఊడినవి, ఒళ్ళు చేసి బిగుతైపోయిన జాకెట్లు, పిల్లలకి పొట్టి అయిన ప్యాంట్లు, ఏవైనా పట్టుకురండి. కూలి ఎవరిది వాళ్ళే ఇచ్చుకోవాలి, బేరాలాడొద్దు. దయచేసి ఉతికి తీసుకురండి.