సెలాయా నాలుగు రాకలు: కెమెరా ఎవరిది?

[తెర: తెగుసిగాల్పా నగరం, తోన్‌కోంతీన్ విమానాశ్రయం. రన్‌వే మీద అడ్డంగా సైనిక వాహనాలు. కొండల మీదుగా ఒక చిన్న జెట్ విమానం]

వాయిస్: 2009 జులై 5, ఆదివారం సాయంత్రం. హోండురాస్ రాజధాని మీద ఒక విమానం రెండు చుట్లు తిరిగింది. దిగడానికి వీల్లేకుండా సైన్యం కింద వాహనాలు అడ్డం పెట్టింది. విమానంలో ఉన్నాయన వారం కిందటి వరకూ ఆ దేశానికి అధ్యక్షుడు, మాన్యుయెల్ సెలాయా. పక్కన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అధ్యక్షుడు మిగెల్ దెస్కోతో. వాళ్లతో పాటు టెలెసూర్ ఛానెల్ విలేఖరులు.

విమానం వెనక్కి మళ్లింది. కానీ దించమని సెలాయా ఆకాశంలోంచి అడగడం అప్పటికే లైవ్‌లో లాటిన్ అమెరికా అంతా వినేసింది.

పదవి పోగొట్టుకున్న నాయకుడు తిరిగొచ్చే రోజు వార్తలు ఎలా తయారవుతాయో, ఎక్కడ గాడి తప్పుతాయో చూడటానికి ఇంతకంటే మంచి కేసు దొరకడం కష్టం. ఎందుకంటే ఈయన ఒక్కసారి కాదు, నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ కెమెరా వేరే వేరే చోట నిలబడింది. కథ కూడా దాంతోపాటే మారింది.

[గ్రాఫిక్: 2009 జూన్ 28]

వాయిస్: ముందు ఆయన ఎలా పోయాడో చూద్దాం. జూన్ 28 తెల్లవారుజామున సైనికులు ఇంటికొచ్చి, పైజామాలో ఉన్న అధ్యక్షుణ్ణి విమానం ఎక్కించి కోస్టారికాలో దించేశారు. రాజధానిలో కరెంటు పోయింది. ప్రభుత్వ ఛానెల్ 8, సెలాయాకి అనుకూలమైన ఛానెల్ 36 ఆగిపోయాయి. ప్రసారంలో ఉన్న ఛానెళ్లలో పాటలు, సీరియళ్లు, వంట కార్యక్రమాలు. దేశాధ్యక్షుడు మాయమైన పూట టీవీలో కూర పోపు!

అదే రోజు పార్లమెంటులో ఒక రాజీనామా లేఖ చదివారు. దాని మీద తేదీ జూన్ 25. అది తను రాసింది కాదని సెలాయా కోస్టారికా నుంచి చెప్పాడు. ఇక్కడ వార్తల డెస్క్‌లో కూర్చున్నవాళ్లు చూడాల్సిన చిన్న విషయం ఒకటుంది. 25న రాజీనామా చేసిన మనిషిని 28న పైజామాలో ఎత్తుకుపోవాల్సిన అవసరం ఏమిటి? లేఖ అసలుదా నకిలీదా తేల్చడానికి నిపుణుడు కావాలేమో గానీ, తేదీలు పక్కపక్కన పెట్టి చూడటానికి అక్కర్లేదు. "సెలాయా రాజీనామా" అని హెడ్డింగ్ పెట్టే ముందు ఆ పని చేస్తే చాలు.

[తెర: "నాలుగో పెట్టె" అని రాసిన బ్యాలెట్ పెట్టె బొమ్మ]

వాయిస్: ప్రపంచ పత్రికల్లో ఎక్కువసార్లు తిరిగిన వాక్యం ఇది: "పదవీకాలం పొడిగించుకోవాలని చూసినందుకు దింపేశారు." ఆ రోజు జరగాల్సింది కట్టుబాటు లేని అభిప్రాయ సేకరణ. కొత్త రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ సభ వేయాలా అని అడగడానికి నవంబరు 29 ఎన్నికల్లో నాలుగో పెట్టె పెట్టాలా వద్దా, అంతే ప్రశ్న. మిగతా మూడు పెట్టెల్లో ఒకటి ఆయన తర్వాత వచ్చే అధ్యక్షుడిది. ఆ ఎన్నికలో ఆయన అభ్యర్థి కాదు. 2010 జనవరి 27తో దిగిపోవాల్సిందే. కోర్టులు ఆ సేకరణ వద్దన్నా ముందుకెళ్లాడన్నది నిజం. తర్వాతెప్పుడో మళ్లీ నిలబడాలని ఆయన మనసులో ఉందన్నది ప్రత్యర్థుల అనుమానం. ఆ అనుమానమే వార్తా సంస్థల కాపీలో రెండో పేరాలో స్థిరపడిపోయింది. పాత కాపీలోని నేపథ్యాన్ని కోసి కొత్త కాపీలో అతికించడం డెస్క్‌లో రోజూ జరిగే పని. అందుకే అలాంటి వాక్యం ఒకసారి దూరిందంటే నెలల తరబడి కదలదు.

ఇప్పుడు పేరు గొడవ. స్థానిక పెద్ద పత్రికలకి అది "రాజ్యాంగబద్ధమైన వారసత్వం". టెలెసూర్‌కి "సైనిక కుట్ర". అమెరికా ప్రభుత్వం మధ్యలో ఇరుక్కుంది. ఒబామా నోటితో చట్టవిరుద్ధమైన కుట్ర అన్నాడు. విదేశాంగ శాఖ మాత్రం చట్టపరంగా "సైనిక కుట్ర" అని రాసి ఇవ్వలేదు, ఎందుకంటే అలా రాస్తే సాయం ఆపాలని అక్కడి చట్టం. చివరికి సెప్టెంబరు 3న మూడు కోట్ల డాలర్లకి పైగా సాయం ఆపేసింది, ఆ మాట రాయకుండానే.

మన భాషలో చిక్కు ఇంకోలా ఉంటుంది. మనవాళ్లు దీన్ని "సైనిక తిరుగుబాటు" అంటారు. తిరుగుబాటు అనగానే కింద ఉన్నవాడు పైవాడి మీద లేచాడని వినిపిస్తుంది, చెవికి కాస్త వీరంగా కూడా ఉంటుంది. "ప్రవాసం" సంగతీ అంతే. ప్రవాసాంధ్రులు అనే మాట విని పెరిగినవాళ్లకి ప్రవాసం అంటే ఉద్యోగం కోసం వెళ్లడం. "ప్రవాసం నుంచి తిరిగొచ్చిన నేత" అంటే ఆయనంతట ఆయనే వెళ్లినట్టుంది. "సైన్యం దేశం దాటించిన అధ్యక్షుడు" అంటే రెండు మాటలు ఎక్కువ, కానీ పని ఎవరు చేశారో తెలుస్తుంది. పైగా హోండురాస్ రాజ్యాంగం 102వ అధికరణ ప్రకారం పౌరుణ్ణి దేశం నుంచి పంపేయకూడదు. దేశం దాటించడంలో చట్టం మీరామని సైన్యం న్యాయ సలహాదారే తర్వాత పత్రికలవాళ్లతో ఒప్పుకున్నాడు.

[తెర: మళ్లీ విమానాశ్రయం. ఈసారి కంచె బయట జనం]

వాయిస్: ఇక మొదటి రాక, జులై 5. కెమెరా విమానం లోపల ఉందని చెప్పుకున్నాం. విమానం వెనిజువెలాది. టెలెసూర్‌ని 2005లో మొదలుపెట్టి ప్రధానంగా డబ్బు పెట్టిందీ వెనిజువెలా ప్రభుత్వమే, అంటే సెలాయా మిత్రుడు, అప్పటి అక్కడి అధ్యక్షుడు చావెజ్. అటు కింద, హోండురాస్ పత్రికలు లా ప్రెన్సా, ఎల్ ఎరాల్దో రెండూ ఒకే కుటుంబానివి. లా త్రిబూనా పత్రిక మాజీ అధ్యక్షుడు కార్లోస్ ఫ్లోరెస్‌ది. ఏ ఛానెల్ ఏ పార్టీదో మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. ఆ అలవాటే ఇక్కడ పనికొస్తుంది. యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన దృశ్యం అబద్ధమైపోదు. ఏం చూపించకుండా వదిలేశారో వెతకాలన్న ఆలోచన మాత్రం వస్తుంది.

ఆ సాయంత్రం కంచె దగ్గర కాల్పుల్లో 19 ఏళ్ల యువకుడు చనిపోయాడు. మర్నాడు లా ప్రెన్సాలో వచ్చిన ఫొటోలో రక్తం కనిపించలేదు. గోల రేగాక, సాంకేతిక పొరపాటని పత్రిక వివరణ ఇచ్చింది. ఇలాంటి చోట అదే ఫొటోని వార్తా సంస్థ విడుదల చేసిన రూపంతో పక్కన పెట్టి చూడాలి. రంగు, వెలుగు మొత్తం ఫొటోలో మారితే అచ్చు సమస్య అయ్యుండొచ్చు. ఒక్క చోటే మారితే చెయ్యి పడినట్టే.

[గ్రాఫిక్: 300 మీటర్లు × 20 మీటర్లు]

వాయిస్: జనం లెక్క. నిర్వాహకులు లక్షలంటారు, పోలీసులు వేలంటారు. మధ్యస్థంగా ఒక అంకె వేసేయడం విలేఖరి సోమరితనం. 1960ల్లో హెర్బర్ట్ జేకబ్స్ అనే అమెరికా జర్నలిజం అధ్యాపకుడు చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. జనం నిండిన స్థలం కొలవండి. 300 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు రోడ్డంటే 6,000 చదరపు మీటర్లు. వదులుగా నిలబడితే చదరపు మీటరుకి ఒకరు, అంటే 6,000 మంది. ఒత్తుగా ఉంటే సుమారు రెండున్నర, అంటే 15,000. ఊపిరాడనంత కిక్కిరిస్తే నలుగురు, అంటే 24,000. అదే రోడ్డు మీద లక్ష మంది అన్నారంటే మీటరుకి దాదాపు పదిహేడు మంది. భుజాల మీద నిలబడ్డా పట్టరు! లెక్క తప్పడానికి సాధారణ కారణం లెన్సు. దూరం నుంచి టెలిఫొటోతో తీస్తే మధ్యలో ఖాళీలు మూసుకుపోయి అందరూ ఒకరి మీద ఒకరు ఉన్నట్టు కనిపిస్తారు. పై నుంచి తీసిన ఫొటో లేకుండా అంకె చెప్పకపోవడమే మేలు.

తేదీ సంగతీ ఒక ముక్క. హోండురాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడ ఆదివారం సాయంత్రం ఐదున్నర అంటే మనకి సోమవారం పొద్దున్న ఐదు, అప్పటికి మన పేపరు అచ్చయి గుమ్మంలో పడుతుంటుంది. మంగళవారం పేపర్లో "నిన్న" అని వస్తే అది తప్పు, అక్కడ జరిగింది ఆదివారం.

[తెర: లాస్ మానోస్ సరిహద్దు. టోపీ పెట్టుకున్న మనిషి గొలుసు ఎత్తుతున్నాడు]

వాయిస్: రెండో రాక, జులై 24. నికరాగువా వైపు నుంచి నడిచొచ్చి, సరిహద్దు గొలుసు ఎత్తి, కొన్ని అడుగులు వేసి, అరగంట లోపే వెనక్కి. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఇది దుందుడుకు చర్య అంది. దగ్గరి ఫ్రేములో చూస్తే చారిత్రక ఘట్టం. కొంచెం వెడల్పు చేస్తే ఆయన చుట్టూ కెమెరాలవాళ్ల గుంపు. కెమెరాలు లేకపోతే ఆ అరగంట జరిగేదా అని అడిగితే తప్పేం లేదు.

మూడో రాక దీనికి పూర్తిగా తలకిందులు. సెప్టెంబరు 21న ఆయన ఏ కెమెరాకీ చిక్కకుండా రాజధానిలోకి వచ్చేశాడు. వచ్చాడన్న మాట పాకింది గానీ ఎక్కడున్నాడో తెలీదు. ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఉన్నాడని జనం అక్కడికి పరిగెత్తారు. సెలాయాని దింపాక గద్దెనెక్కిన తాత్కాలిక అధ్యక్షుడు మిచెలెట్టి అయితే సెలాయా నికరాగువాలో ఏదో హోటల్ గదిలో ఉన్నాడని కొట్టిపారేశాడు. నిజానికి సెలాయా బ్రెజిల్ రాయబార కార్యాలయంలో ఉన్నాడు. కొద్ది గంటల్లో మిచెలెట్టి మాట మార్చుకోవాల్సొచ్చింది.

ప్రభుత్వాధినేత ఖండించాడు కదా అని అప్పుడే "పుకారు" అని తేల్చేసిన వాళ్లందరూ నాలుక కరుచుకున్నారు. అలాంటి గంటలో సరైన వాక్యం ఏమిటంటే, "వచ్చాడని వీళ్లంటున్నారు, లేదని ఆయనంటున్నాడు, మేము చూడలేదు." పేలవంగా ఉంటుంది, ఒప్పుకుంటాం.

సెప్టెంబరు 28 వేకువన సైనికులు, పోలీసులు సెలాయాకి అనుకూలమైన రేడియో గ్లోబోలో, ఛానెల్ 36లో దూరి పరికరాలు పట్టుకుపోయారు. పౌరహక్కులు నిలిపేస్తూ ఇచ్చిన ఉత్తర్వు దానికి ఆధారం. ట్రాన్స్‌మిటర్ పోయినా రేడియో గ్లోబో రహస్య చోటు నుంచి ఇంటర్నెట్‌లో మాట్లాడుతూనే ఉంది. కానీ నెట్ లేని పల్లెల్లో ఆ గొంతు ఆగిపోయినట్టే. బయటి విలేఖరులు నెట్‌లో విని "ప్రసారం కొనసాగుతోంది" అని రాశారు. వినేవాళ్లలో ఎంతమంది మిగిలారన్నది వేరే ప్రశ్న.

[తెర: 2011 మే 28. అదే విమానాశ్రయం, అడ్డు లేని రన్‌వే]

వాయిస్: సెలాయా రాయబార కార్యాలయంలో నాలుగు నెలలు ఉండి, 2010 జనవరి 27న డొమినికన్ రిపబ్లిక్ వెళ్లిపోయాడు. 2011 మే 22న ఆయన తిరిగి రావడానికి కొలంబియాలోని కార్తహేనాలో ఒప్పందం కుదిరింది. ఆరు రోజులకి అందరికీ చెప్పి, పగటి పూట, మనాగువా నుంచి అదే తోన్‌కోంతీన్‌లో దిగాడు. ఈసారి కెమెరాలన్నిటికీ చోటుంది. నిజానికి ఆ రోజు కవరేజీయే అన్నిటికంటే చప్పగా సాగింది. ఆలింగనాలు, జెండాలు, టోపీ. ఒప్పందంలో ఏముందో, ఎవరు ఏం వదులుకున్నారో చెప్పిన వార్తలు తక్కువ. జూన్ 1న అమెరికా ఖండాల దేశాల సంస్థ (OAS) హోండురాస్‌ని తిరిగి చేర్చుకుంది, ఒక్క ఈక్వెడార్ కాదంది. జులైలో సత్య కమిషన్ నివేదిక వచ్చింది: జరిగింది కుట్రే, అయితే అందాకా తెచ్చుకోవడంలో సెలాయా తప్పూ ఉంది అని. రెండేళ్లు సాగిన పేరు గొడవకి జవాబు వచ్చిన ఆ వారం, అక్కడ కెమెరాలు చాలా తక్కువ.

[తెర: విమానాశ్రయం దగ్గరి మైదానం, వేదిక, జనం]

వాయిస్: మే 28న సెలాయా మొదటి ప్రసంగం చేసింది విమానాశ్రయం పక్కన మైదానంలో. జనం అప్పటికే దాన్ని జులై 5న అక్కడ చనిపోయిన ఆ కుర్రాడి పేరుతో పిలుస్తున్నారు.