దేశవాళీ మొక్కల పెంపకం, అమ్మకం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. వేప, కానుగ, నేరేడు, రేల, ఎర్రచందనం లాంటి మన చెట్ల మొక్కల్ని ఇంటి దగ్గరే చిన్న నర్సరీలో పెంచి అమ్ముకోవడం ఈ వారం అంశం. నెల్లూరు దగ్గర కుటుంబంతో కలిసి ఏళ్లుగా నర్సరీ నడుపుతున్న అమ్మ మనతో ఉన్నారు. నమస్కారం అమ్మా.

నిపుణురాలు: నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. వేపపండు రాలే రోజులివి, నేరేడు పండే రోజులివి. ఈ రెండు గింజలూ నిలవ ఉండవు. ఇప్పుడు ఏరుకోకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఇక ఫోన్లు ఇవ్వండి.

శ్రోత (కావలి): మేడమ్, సంచుల్లోకి మట్టి ఏ పాళ్లలో కలపాలి?

నిపుణురాలు: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు. పచ్చి పేడ కలిపితే వేరు మాడుతుంది, చెదలు పడతాయి.

శ్రోత: మాది నల్లరేగడి మేడమ్.

నిపుణురాలు: అది సంచుల్లోకి పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే రాయి. ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తోలించుకో.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. పొదిలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత (పొదిలి): హలో, వినపడతా ఉందా మేడమ్? మాది పొదిలి పక్కన పల్లె. రోడ్డు పక్కనే అరెకరం ఉంది. నేను, మా ఆవిడ, మా అమ్మ ముగ్గురం చేసుకుంటాం. ముందు కడియం నుంచి పూలమొక్కలు తెచ్చి అమ్మేవాళ్లం. లారీ కిరాయి, దారిలో వాడిపోయినవి పోను ఏమీ మిగల్లా. మా బావమరిది ఒంగోల్లో ఉంటాడు. వెంచర్లవాళ్లు మన చెట్లు అడుగుతున్నారని ఆయన చెప్తే పోయినేడు వేప వేశాం. ఇరవై కిలోల గింజలు కొన్నాం. నీళ్లు పోశాం, గడ్డి కప్పాం, మా అమ్మ రోజూ కనిపెట్టుకుని చూసింది. వందకి పది కూడా రాలా. అందుకని ఈసారి వేప వదిలేసి ఎర్రచందనం వేద్దామని. ఎకరాకి కోట్లు వస్తాయంటున్నారు గదా...

నిపుణురాలు: ఆగన్నా, ఆగు. వేప సంగతి ముందు తేలుద్దాం. ఆ గింజలు ఎప్పుడు కొన్నావు?

శ్రోత: వినాయక చవితి అయిపోయాక మేడమ్.

నిపుణురాలు: అక్కడే పోయింది. వేపగింజ చెట్టు మీంచి రాలాక రెండు మూడు వారాల్లో మొలకశక్తి పడిపోతుంది. నువ్వు కొన్నది నూనె మిల్లుకి పోయే గింజ. నూనెకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, మొలకకి రాదు. మీ అమ్మగారి చేతిలో తప్పేమీ లేదని ఇంట్లో చెప్పు.

శ్రోత: పైకి చూస్తే బాగానే ఉన్నాయి మేడమ్, తెల్లగా.

నిపుణురాలు: పైకి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒక పది గింజల పెంకు పగలగొట్టి లోపలి పప్పు చూడు. పచ్చగా, ఆకు రంగులో ఉంటే ప్రాణం ఉన్నట్టు. పసుపు తిరిగి గోధుమ రంగుకి వచ్చిందంటే అయిపోయినట్టే. డబ్బు ఇచ్చే ముందు ఈ పని చెయ్యాలి. ఇప్పుడు మీ ఊళ్లో బాగా కాసే చెట్టు చూసుకుని పసుపు తిరిగిన పండ్లు ఏరండి. బకెట్‌లో వేసి ఇసుకతో రుద్ది గుజ్జు కడిగెయ్యండి. నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి ఆ వారంలోనే సంచుల్లో పెట్టండి. కొసలు మాడిన చెట్టు గింజ మాత్రం ముట్టొద్దు. 2021లో వానలు పోయాక ఊరూరా వేపచెట్లు ఎర్రగా ఎండాయే, ఆ తెగులు గింజలో నుంచి కూడా వస్తుంది. సంచుల వరస దగ్గర గింజ ఏరిన తేదీ, ఏ చెట్టుదో రాసిపెట్టుకోండి. అందరికీ చెప్తున్నాను, తేదీ రాయండి.

శ్రోత: అట్టాగే మేడమ్. మరి ఎర్రచందనం... కోట్లు...

నిపుణురాలు: ఎర్రచందనం మన చెట్టే. వెలికొండల్లో, నల్లమలలో పుట్టిందే. పెంచు, నేను వద్దనను. కాయకి చుట్టూ రెక్క ఉంటుంది. ఆ రెక్క కత్తిరించి, కాయల్ని రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి నారుమడిలో వేస్తే రెండో వారం నుంచి మొలకలు కనిపిస్తాయి, నెల దాటినా ఇంకా వస్తూనే ఉంటాయి. కాయ మహా గట్టిది. సగం మొలిస్తే సంతోషించు.

శ్రోత: అదే మేడమ్, మొక్క అమ్మేటప్పుడు ఎకరాకి ఇన్ని కోట్లని చెప్తే తొందరగా...

నిపుణురాలు: చెప్పొద్దు. ఆ మాట మాత్రం చెప్పొద్దన్నా! ఆ చెట్టుకి విలువంతా చేవలో, అంటే లోపలి ఎర్ర కట్టెలో ఉంది. చేవ తేరడానికి ఇరవై, పాతికేళ్లు పడుతుంది. నేలని బట్టి ఇంకా ఎక్కువే. నరకాలన్నా, బండికెత్తాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఇవన్నీ కొనేవాళ్లకి చెప్పి అమ్ము. ‘నాలుగు మొక్కలు గట్టు మీద వేసుకో, మనవడికి పనికొస్తుంది’ అని అమ్ము. కోట్లని చెప్పి అమ్మితే మూడో ఏడు నీ గేటు ముందుకి వచ్చి నిలబడతారు. చిన్న నర్సరీకి ఉన్న ఆస్తి మాటే.

శ్రోత: సరే మేడమ్. ఇంకొక్కటి. రేటు ఎంత పెట్టాలి? పక్క నర్సరీలో పది రూపాయలకే ఇస్తున్నారు.

నిపుణురాలు: పక్కవాళ్ల రేటు తర్వాత, ముందు నీ లెక్క చూడు. వెయ్యి సంచులకి మట్టి, సంచి, కూలి, కరెంటు కలిపి పన్నెండు వేలు అయ్యాయనుకో. మొక్క పన్నెండు అనుకుంటావు. కానీ అమ్మకానికి నిలబడేవి ఏడు వందలే. పన్నెండు వేలని ఏడు వందలతో భాగించు, పదిహేడు పైన పడుతుంది. దాని మీద మీ ముగ్గురి కష్టం వేసుకో. మీ ఆవిడ, అమ్మ కూలి లేకుండా చేస్తున్నారని ఆ లెక్క వదిలేయకు. చాలా ఇళ్లలో నర్సరీ మునిగేది అక్కడే.

శ్రోత: పదిహేడా! ఎవరు కొంటారు మేడమ్?

నిపుణురాలు: రెండడుగులు పెరిగి, కాండం గట్టిపడి, ఎండకి అలవాటైన మొక్క అయితే కొంటారు. నెలకోసారి సంచుల్ని ఎత్తి పక్కకి జరపాలి. లేకపోతే తల్లివేరు సంచి చీల్చుకుని నేలలోకి దిగుతుంది, అమ్మే రోజున తెగి మొక్క వాడుతుంది. పంపే ముందు మూడు వారాలు నీడ తీసేసి నీళ్లు తగ్గించు. ఇంకోటి, అందరూ జూలైలో వనమహోత్సవం అప్పుడే అమ్మాలని చూస్తారు. మన వైపు అక్టోబరు, నవంబరు వానలే గట్టి వానలు. అప్పటికి సగం సరుకు ఆపి ఉంచు.

శ్రోత: మంచిది మేడమ్. అయితే ఎర్రచందనం అసలు వద్దంటారా?

నిపుణురాలు: వద్దనలేదన్నా! వంద సంచులు పెట్టు. మిగతాది వేప, కానుగ పెట్టు. కానుగ గింజ కొన్ని నెలలు నిలవుంటుంది, పది పదిహేను రోజుల్లో మొలుస్తుంది. కొత్తవాళ్లకి అంత ధైర్యమిచ్చే చెట్టు ఇంకోటి లేదు.

వ్యాఖ్యాత: పొదిలి నుంచి మాట్లాడినందుకు ధన్యవాదాలు. చాలా మంది వెయిటింగ్‌లో ఉన్నారు, క్లుప్తంగా అడగండి. కొత్తపట్నం.

శ్రోత (కొత్తపట్నం): అమ్మా, మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆకుల కొసలు మాడుతున్నాయి.

నిపుణురాలు: ముందు నీళ్లు పరీక్ష చేయించమ్మా. ఈసీ అని, నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే ఒక అంకె ఇస్తారు. ఒకటి లోపుంటే నిశ్చింత. రెండు దాటితే లేత మొక్కకి కష్టం. ఆకుల మీద చల్లకుండా మొదట్లోనే పొయ్యి. వాననీళ్లు పట్టుకునే తొట్టి కట్టుకో, మొలకలకి ఆ నీళ్లే వాడు. సముద్రపు ఒడ్డున పొన్న, గంగరావి, కానుగ పెంచు. మీ ఊరి గాలికి, ఉప్పుకి అవి తట్టుకుంటాయి, కొనేవాళ్లకీ అవే బతుకుతాయి.

వ్యాఖ్యాత: తర్వాత ఆత్మకూరు. హలో... హలో... లైన్ కట్ అయింది. ఉదయగిరి తీసుకుందాం.

శ్రోత (ఉదయగిరి): నమస్తే మేడమ్. మా ఊళ్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే పనివాళ్లున్నారు. బిక్కి, దేవదారి లాంటి చెక్క వాడతారు. ఆ మొక్కలు కొండ మీద చిన్నవి చాలా ఉన్నాయి. పీక్కొచ్చి సంచుల్లో పెడితే...

నిపుణురాలు: వద్దు నాయనా. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా మొక్క తెస్తే కేసవుతుంది. పెంచలకోన వైపు అభయారణ్యం కూడా ఉంది, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. అదీగాక పీకిన మొక్కకి వేరు తెగి ఉంటుంది, పదిలో రెండు బతికితే గొప్ప. కానీ నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆ పనివాళ్లకి చెక్క కరువైతే ఆ కళే పోతుంది. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి వెళ్లి గింజకి అనుమతి అడుగు. పట్టా భూముల్లో, గట్ల మీద కాసే చెట్లు ఉంటే రైతుని అడిగి ఏరుకో. ఏరిన తేదీ రాసుకో.

శ్రోత: అది ఎన్నాళ్లకి...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం తక్కువుంది. ఒంగోలు.

శ్రోత (ఒంగోలు): మేడమ్, దసరాకి జమ్మి మొక్కలు అమ్ముదామని తెప్పించాం. అవి సర్కారు తుమ్మ అని ఒకాయన అంటున్నాడు.

నిపుణురాలు: ముల్లు చూడమ్మా. జమ్మికి చిన్న ముళ్లు కణుపుకీ కణుపుకీ మధ్య కాండం మీద ఉంటాయి. సర్కారు తుమ్మకి కణుపు దగ్గరే, ఎక్కువగా జంటగా, పొడుగ్గా ఉంటాయి. సర్కారు తుమ్మ అయితే ఒక్కటి కూడా అమ్మకుండా తగలబెట్టు. చెరువులు, బీళ్లు ఇప్పటికే నిండిపోయాయి. దేవుడి చెట్టని నమ్మి కొని ఇంటి ముందు పెట్టుకుంటారు, వాళ్లకి అది అంటగట్టకూడదు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, పొదలకూరు.

శ్రోత (పొదలకూరు): మా నాన్న నిమ్మ అంట్లు కడతారు. ఏదైనా అడవి జాతి మొక్కకి ఖాయంగా కొనేవాళ్లు ఉన్నారా అమ్మా?

నిపుణురాలు: పాల చెట్టు. సపోటా అంటు కట్టేది దాని మీదే. శ్రీహరికోట అడవుల్లో విస్తారంగా ఉండే చెట్టు, మన వేడికి పుట్టిందే. కాకపోతే నిదానం. కాండం అంటు కట్టడానికి సరిపడా పెన్సిల్ మందం రావడానికి రెండేళ్లదాకా పట్టొచ్చు, అందుకే చాలా మంది పెంచరు. మీ నాన్నగారికి అంటు చెయ్యి తిరిగి ఉంది కాబట్టి మీరు చెయ్యగలరు. సపోటా అంట్లు కట్టే నర్సరీలతో ముందే మాట్లాడుకుని ఎన్ని కావాలో కనుక్కుని వెయ్యండి. పండ్ల మొక్కలు అమ్మేటప్పుడు ఉద్యాన శాఖలో నర్సరీ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి.

శ్రోత: గింజ ఎప్పుడు దొరుకుతుందమ్మా?

నిపుణురాలు: ఎండాకాలంలో పండ్లు వస్తాయి. పసుపుపచ్చగా, తియ్యగా ఉంటాయి, పిల్లలు తినగా మిగిలినవే నీకు. గింజ కడిగి వెంటనే వెయ్యి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. అమ్మకి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. ఆత్మకూరు శ్రోత వచ్చే వారం మళ్లీ ప్రయత్నించగలరు. నమస్కారం.