చుట్ట మానేసిన మామకు సిగార్ల పెట్టె: రంగులు వేసి చూశాను, ఇదిగో రివ్యూ

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది సిగార్ల పెట్టె. ఖాళీదే, కంగారు పడకండి. ఈ ఛానల్లో పొగతాగే వస్తువులకు రివ్యూలు చేయను. ఈ పెట్టెను బహుమతిగా మార్చడానికి పడ్డ పాట్లే ఈ రోజు వీడియో.

ముందు ఎవరికో చెప్పాలి. మా మేనమామ ముప్పై ఏళ్లకు పైగా సైకిల్ మీద ఊరూరా తిరిగి ఉత్తరాలు పంచారు. ఈ నెల పదవీ విరమణ. రోజూ రాత్రి భోజనం అయ్యాక అరుగు మీద కూర్చుని ఒక చుట్ట కాల్చేవారు. డాక్టరు గట్టిగా చెప్పడంతో నాలుగేళ్ల కిందట మానేశారు. మానేశారు గానీ, ఎదురింటి పెద్దాయన చుట్ట ముట్టిస్తే ఈయన కుర్చీ మెల్లగా అటు జరుగుతుంది. ఆ వాసనైనా పెట్టెలో పెట్టి ఇద్దామని నా ఆలోచన. అత్తయ్యకు ముందే చెప్పి ఒప్పించాను లెండి.

మొదట ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించాను. ఫొటోలో అచ్చం చెక్కే. ఇంటికి వచ్చాక తడి గుడ్డతో తుడిస్తే మూల ఉబ్బి, పూరీలా లేచింది. లోపల అంతా పొట్టు అట్ట, పైన చెక్క గీతలు అచ్చు వేసిన కాగితం. నాలుగు వందలు నీళ్లపాలు. మీరు కొనేటప్పుడు మూత అంచు దగ్గరగా తీసిన ఫొటో అడగండి. అసలు చెక్క అయితే పైనున్న గీతలు అంచు మీదుగా కిందికి దిగుతాయి. అట్ట అయితే అంచు దగ్గర టక్కున ఆగిపోతాయి.

రెండోది ఇదే, హైదరాబాదులో తెలిసినవారి దగ్గర దొరికిన పాత పెట్టె. ఇరవై ఐదు సిగార్లు పట్టేది. దీని చెక్కను స్పానిష్ సెడార్ అంటారు. పేరే అంత, స్పెయిన్‌కు దీనితో సంబంధం లేదు, దేవదారు జాతీ కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే చెట్టు. మహాగని, మన వేప, ఇది అన్నీ ఒకే కుటుంబం. పురుగు త్వరగా పట్టదు, తేమకు అంత తొందరగా వంకర పోదు, పైగా ఈ వాసన. మూత తీయగానే మిరియాలు, కొత్త పెన్సిల్ చెక్క కలిసినట్టు వస్తుంది. ఖాళీ పెట్టెలు ఇలా చేతులు మారడం కొత్త కాదు. అమెరికాలో 1860లలో వచ్చిన పన్ను చట్టాలు సిగార్లను పెట్టెల్లోనే అమ్మాలన్నాయి. ఒకసారి వాడిన పెట్టెలో మళ్లీ సిగార్లు నింపి అమ్మకూడదు. అందుకే ఇళ్లల్లో పోగుపడ్డ పెట్టెలకు తీగలు బిగించి గిటార్లు కూడా చేసుకున్నారు.

ఇక పని. పాత లేబుళ్లను గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో నానబెట్టి ఊడదీశాను. తర్వాత నూట ఇరవై నంబరు గరుకు కాగితం, ఆపైన రెండు వందల ఇరవై. చెక్క గీత వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు రంగు కింద నుంచి కూడా కనిపిస్తాయి. రుద్ది, కిటికీ దగ్గర ఆరబెట్టాను. అదే నేను చేసిన తప్పు. మన ఓరుగల్లు ఎండ తెలుసు కదా. మర్నాడు చూస్తే చెక్క మీద అక్కడక్కడా తేనె చుక్కల్లాంటి జిగురు! ఈ చెక్కకు వేడి తగిలితే లోపలి బంక పైకి వస్తుంది. దాని మీద రంగు వేస్తే అక్కడ మచ్చ పడి తీరుతుంది. స్పిరిట్‌తో తుడిచి, బయటి వైపు, మూత లోపలి వైపు లక్క పాలిష్ ఒక పూత ఇస్తే ఆగింది.

మేకుల గుంటలకు బజారు పుట్టీ వాడలేదు. చేర్యాల కళాకారులు ముఖాలు, బొమ్మలు చేసే పద్ధతి పట్టుకున్నాను: చింతగింజల జిగురు, రంపపు పొట్టు. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే జిగురు అది. ఆరితే కొంచెం కుంగుతుంది, కాబట్టి రెండుసార్లు నింపాలి. ఖర్చు దాదాపు సున్నా, కానీ వంటింట్లో ఆ గిన్నె తోమేవారికి ముందే నమస్కారం పెట్టుకోండి.

బొమ్మల సంగతి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ, నా చిన్నప్పుడు మా వరంగల్ జిల్లాలోదే. ఎర్రటి నేపథ్యం మీద కథను గళ్లు గళ్లుగా గీసే నకాషీ పటాలు అక్కడివి. పటం విప్పుతూ పురాణం చెప్పేవారి కోసం పుట్టిన కళ. నేను నకాషీని కాను, ఆ ఎరుపునూ ఆ గళ్లనూ అరువు తెచ్చుకున్నానంతే. మూత లోపల మూడు గళ్లు గీశాను. సైకిల్, ఖాకీ సంచి ఒకదానిలో, చెరువు గట్టు మీద తాటిచెట్లు రెండోదానిలో, అరుగు మీద చాయ్ గ్లాసుతో అత్తయ్య మూడోదానిలో. అత్తయ్య ముక్కు కుదరలేదు, నాలుగుసార్లు చెరిపాను. బయట మాత్రం వరంగల్ కోట తోరణం మీది హంసలు రెండు, సన్నటి గీతలో. మిగతా చెక్కను అలాగే వదిలేశాను. నా మాట వినండి, ఇంత మంచి చెక్కను నిండా రంగుతో కప్పితే ఆ అట్ట పెట్టెకూ దీనికీ తేడా ఏమిటి? అడుగుకూ లోపలి గోడలకూ రంగు, వార్నిష్ అసలే వద్దు. వాసన చచ్చిపోతుంది.

పేరు రేకు దగ్గర నవ్వులపాలయ్యాను. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద వెనక నుంచి కొట్టి బొమ్మ పైకి తేలేలా చేస్తారు. చూసి వచ్చి, పలుచటి రేకు సైకిల్ ట్యూబు ముక్క మీద పరిచి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో వెనక నుంచి ‘మామ’ అని నొక్కాను. తిప్పి చూస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉన్నాయి! వెనక నుంచి నొక్కేటప్పుడు తిరగేసి రాయాలన్న సంగతి అప్పుడు వెలిగింది. రెండో రేకు బాగా వచ్చింది, ఇదిగో.

పాడైన పెట్టెతో కలిపి మొత్తం పదిహేను వందల లోపు, నాలుగు ఆదివారాలు. పదికి ఎనిమిది ఇస్తాను. ఒక మార్కు కొక్కెంకు తగ్గించాను, నాసిరకం, రెండో రోజే వదులైంది. ఇంకో మార్కు లోతుకు, లోపల నాలుగున్నర సెంటీమీటర్లే.

ఆ లోతు సంగతి ఇచ్చాకే తెలిసింది. మామ పెట్టె అందుకుని, మూత తీసి, బొమ్మలు చూడకుండా ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని ఒక నిమిషం అలాగే. తర్వాత లోపలికి వెళ్లి తన పాత సైకిల్ గంట తెచ్చి అందులో పెట్టారు. మూత పడలేదు, వేలెడు సందు మిగిలింది. గంట తీయమంటే తీయరు. అలమార మీద ఆ పెట్టె ఇప్పుడు నోరు తెరుచుకునే ఉంది. వచ్చినవాళ్లందరూ వంగి చూసి అత్తయ్య ముక్కు గురించే అడుగుతున్నారు.