రైలు దిగని సైనికుడు

శ్రోతలకు నమస్కారం.

యుద్ధం విడదీసిన ప్రేమజంట కథ అనగానే ముగింపు మనకు ముందే తెలిసిపోతుంది. రైలు ఆగుతుంది. భుజాన సంచీతో అబ్బాయి దిగుతాడు. జనాన్ని తోసుకుంటూ అమ్మాయి పరిగెత్తుకొస్తుంది. ఈవేళ నేను చెప్పబోయే నవలలో అమ్మాయి పరిగెత్తలేదు, ఎందుకంటే చిన్నప్పుడే పడిపోయి నడక కోల్పోయింది. అబ్బాయి ఏ రైలూ దిగడు.

ఆ నవల ఇంగ్లీషులో 'ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్' అన్న పేరుతో దొరుకుతుంది. 1991లో ఫ్రెంచిలో రాసినవాడు సెబాస్టియన్ జాప్రిజో. ఈయన సస్పెన్స్ నవలలకు పేరుపడ్డ రచయిత. ప్రేమకథ రాయడానికి కూర్చున్నా ఆ అలవాటు వదల్లేదు. అదే ఈ పుస్తకానికి మేలు చేసిందని నా అభిప్రాయం.

1917 జనవరి. మొదటి ప్రపంచయుద్ధంలో మూడో చలికాలం. ఫ్రాన్స్‌లోని సొమ్ ప్రాంతంలో ఐదుగురు ఫ్రెంచి సైనికులకు సొంత సైన్యమే మరణశిక్ష వేసింది. యుద్ధం నుంచి బయటపడదామని చేతికి గాయం చేసుకున్నారన్నది నేరం. వాళ్లను నిలబెట్టి కాల్చలేదు. చేతులు కట్టేసి, రెండు సైన్యాల కందకాల నడుమ మంచు పడ్డ ఖాళీ నేలలోకి తోసేశారు. చంపే పని అవతలివాళ్లకు వదిలేశారన్నమాట. ఐదుగురిలో చిన్నవాడు మానెక్. జాలరి కొడుకు, ఇరవై ఏళ్లు కూడా లేవు. అతనికి కాబోయే భార్య మతిల్ద.

ఈ శిక్ష నవలలోది. కానీ చేతికి గాయం చేసుకున్నవాళ్లను సైనిక కోర్టు ముందు నిలబెట్టడం నిజంగా జరిగింది. గాయం చుట్టూ తుపాకీమందు మసి ఉందా అని డాక్టర్లు చూసేవాళ్లు. ఉంటే దగ్గర్నుంచి తనే కాల్చుకున్నాడని లెక్క. ఆ నాలుగేళ్లలో రకరకాల నేరాల కింద ఫ్రెంచి సైన్యం కాల్చి చంపిన సొంత మనుషులు 600 మందికి పైనే.

మానెక్ యుద్ధంలో చనిపోయాడని కాగితం వచ్చింది. యుద్ధం ముగిసింది. 1919లో, చావుకు దగ్గరపడ్డ ఒక సార్జెంటు మతిల్దను పిలిపించుకుని, ఆ ఐదుగురినీ కందకం దాకా తీసుకెళ్లింది తానేనని చెబుతాడు. ఐదుగురూ చనిపోయారనే ఆయన నమ్మకం. ఆ అమ్మాయి మాత్రం నమ్మదు. అలాగని ఏడుస్తూ కిటికీ దగ్గర కూర్చోదు. పేపర్లో ప్రకటనలు వేయిస్తుంది. మిగతా నలుగురి భార్యలకూ స్నేహితులకూ ఉత్తరాలు రాస్తుంది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో పొసగదు. మంచులో దొరికిన ఒక శవం కాళ్లకు జర్మన్ బూట్లున్నాయి. ఆ బూట్లు ఎవరివి, ఎవరు ఎవరితో మార్చుకున్నారు? ఇంత చిన్న విషయం మీద ఒక మనిషి బతికున్నాడా లేడా అన్నది తేలాలి. ప్రేమ గురించి ఒక్క పెద్ద డైలాగ్ లేకుండానే ఆ బూట్ల లెక్క దగ్గర నాకు టెన్షన్ పుట్టింది.

మతిల్ద తండ్రికి డబ్బుంది, ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టుకోగలదు. అది లేని అమ్మాయి సంగతేమిటి? రచయిత దీన్నీ వదల్లేదు. ఆ ఐదుగురిలో మరొకడి ప్రియురాలు, వీధుల్లో బతికే మనిషి, తనూ వెతుకుతుంది. కానీ ఆమె వెతుకులాట పగగా మారి, ఆ శిక్షకు కారకులైన ఆఫీసర్లను ఒక్కొక్కరినే చంపేదాకా వెళుతుంది.

ఇంత వెతుకులాట ఎందుకంటే, ఆ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సుమారు 14 లక్షల మంది సైనికుల్లో లక్షల మంది శవాలు దొరకలేదు, దొరికినా ఎవరివో తేలలేదు. శవం చూడని ఇల్లు ఆశ వదులుకోదు. ఇది నవలలోది కాదు, నిజంగా జరిగింది: 1918 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి తిరిగొచ్చిన ఖైదీల మధ్య, ఫ్రాన్స్‌లోని లియోన్ స్టేషన్లో, తన పేరు కూడా చెప్పలేని సైనికుడొకడు కనిపించాడు. అడిగితే ఏదో గొణిగాడు. అది 'ఆంతెల్మ్ మాంజాన్'లా వినిపించిందని ఆ పేరే రాసుకున్నారు. పేపర్లో ఫొటో వేస్తే మా అబ్బాయేనని, మా ఆయనేనని ఎన్నో కుటుంబాలు ముందుకొచ్చాయి. కోర్టు వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. అతని అసలు పేరు ఒక్తావ్ మోంజ్వాన్ అని తేలేసరికి, ఇంటికి తీసుకెళ్లాల్సిన తండ్రీ లేడు, అన్నదమ్ముడూ లేడు. 1942లో, ఇంకో యుద్ధం నడుస్తుండగా, ప్యారిస్ మానసిక చికిత్సాలయంలోనే పోయాడు.

ఇప్పుడు నవల ముగింపు చెప్పేస్తున్నాను. వద్దనుకునేవాళ్లు ఒక్క నిమిషం వాల్యూమ్ తగ్గించుకోండి. మానెక్ బతికే ఉన్నాడు. కానీ జ్ఞాపకం పోయింది, మతిల్ద ఎవరో అతనికి తెలియదు. దుష్యంతుడికైతే ఉంగరం చూడగానే అన్నీ గుర్తొచ్చాయి. ఇక్కడ ఏ ఉంగరమూ లేదు. చిన్నప్పుడు తొలిసారి కలిసినరోజు అతను ఆమెను అడిగింది, నడవలేవా అని. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే అడుగుతాడు. ఆమెకది రెండోసారి, అతనికి మొదటిసారి.

ఇంతకాలం అతను ఎక్కడున్నాడు? యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర. గుర్తింపు బిళ్ల మారడంతో, నీ కొడుకే అంటూ ఆస్పత్రి ఆమెకు మానెక్‌ను చూపించింది. చూడగానే కాదని తెలిసిపోయింది. అయినా అవునంది, ఇంటికి తీసుకెళ్లి కొడుకులాగే సాకింది. మతిల్ద పక్షాన ఇంతసేపూ నిలబడ్డ నేను, ఆ తల్లి దగ్గరికొచ్చేసరికి ఆమెను తప్పుపట్టలేకపోయాను. దొంగతనం అనాలా? అనాలేమో. రచయిత మాత్రం తీర్పు చెప్పడు. ఆవిడ గురించి ఇంకో ఇరవై పేజీలు రాసి ఉంటే బాగుండేదనిపించింది.

చదవబోయేవారికి ఒక్క మాట. మొదటి యాభై పేజీలు తికమక పెడతాయి. ఐదుగురు సైనికులకూ అసలు పేర్లు కాక మారుపేర్లున్నాయి, ఒక్కోసారి ఒకే మనిషి మూడు రకాలుగా ఎదురవుతాడు. పక్కన ఒక చిత్తుకాగితం పెట్టుకుని ఎవరు ఎవరో రాసుకోండి. బూట్ల సంగతి వచ్చినప్పుడు అది మీకు పనికొస్తుంది. సెలవు.