‘బ్రేక్ స్టఫ్’ వింటూ సమం కోసం వెతుకులాట

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు "జాజ్ మీద ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఏదైనా అంటేనే నాకు టెన్షన్, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు కదా. అందుకని ఒక్క ఆల్బమ్ పట్టుకొచ్చాను. పేరు ‘బ్రేక్ స్టఫ్’. విజయ్ అయ్యర్ పియానో, స్టీఫన్ క్రంప్ బేస్, మార్కస్ గిల్మోర్ డ్రమ్స్. 2014 జూన్‌లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు, మరుసటి ఏడు ఈసీఎం అనే రికార్డుల కంపెనీ విడుదల చేసింది. ఉన్నది ముగ్గురే, పాడేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ పేరు చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "అయ్యరా? అయితే రాగాలుంటాయా?" ఉండవండి. తల్లిదండ్రులు తమిళులు, ఆయన 1971లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి అక్కడే పెరిగాడు. చిన్నప్పుడు పదిహేనేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడు, అదీ పాశ్చాత్య శాస్త్రీయం. పియానో మాత్రం చాలావరకు తనంతట తానే పట్టుకున్నాడు. యేల్‌లో లెక్కలూ ఫిజిక్సూ చదివి, కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీలో 1998లో పీహెచ్‌డీ చేశాడు. ఆ పరిశోధన దేనిమీదనుకున్నారు? పశ్చిమాఫ్రికా సంగీతంలో, నల్లజాతి అమెరికన్ల సంగీతంలో లయకీ మనిషి ఒంటికీ ఉన్న సంబంధం మీద. ఈ ఆల్బమ్‌కి తాళంచెవి అక్కడుంది, ఆయన ఇంటిపేరులో లేదు. మన వాసన బొత్తిగా లేదని కాదు, ‘మిస్టరీ ఉమన్’ అనే ముక్కలో దక్షిణాది మృదంగం నడకల జాడ ఉంది. అయినా దాని కోసమే చెవులు రిక్కించి కూర్చుంటే మిగతాదంతా చేజారిపోతుంది. మనదాకా తిన్నగా వచ్చే దారి కావాలంటే 2011లో వచ్చిన ‘తీర్థ’ వినండి, అందులో ఆయన పక్కన తబలా వాయించిన నితిన్ మిట్ట పుట్టింది మన హైదరాబాద్‌లోనే.

సరే, ‘బ్రేక్’ అంటే ఏమిటి? మనకైతే టీ తాగే టైము. జాజ్‌లో బ్రేక్ అంటే, బ్యాండ్ మొత్తం ఉన్నట్టుండి ఆగిపోయి, ఒక్కడే ఆ ఖాళీలోకి దూకడం. 1946లో చార్లీ పార్కర్ ‘ఎ నైట్ ఇన్ ట్యునీసియా’లో అలా నాలుగు బార్ల, అంటే నాలుగు తాళం చుట్ల, ఖాళీలో శాక్సోఫోన్‌తో దూసుకెళ్ళాడు, చెయ్యి తిప్పేంత సేపు కూడా ఉండదు, దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత 1973 ప్రాంతంలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హర్క్ రెండు టర్న్‌టేబుళ్ళు (రికార్డులు తిప్పే యంత్రాలు) పెట్టుకుని పాటలోని ఆ డ్రమ్స్ ముక్కనే సాగదీసి సాగదీసి జనాన్ని ఆడించాడు. హిప్ హాప్ అక్కణ్ణుంచే వచ్చింది, బ్రేక్ డాన్స్‌లో బ్రేక్ కూడా ఇదే. అయ్యర్ ఆ రెంటినీ కలిపి, ఖాళీ మీదే ఆల్బమ్ మొత్తం కట్టాడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్య భజన గుళ్ళో ముప్పై ఏళ్ళు మృదంగం వాయించాడు. ఒకరోజు నేను ‘హుడ్’ పెట్టాను. అది డెట్రాయిట్ టెక్నో సంగీతకారుడు రాబర్ట్ హుడ్ గౌరవార్థం కట్టిన ముక్క. టెక్నో అంటే మెషీన్ వాయించేది, వీళ్ళు చేతులతో వాయిస్తున్నారు. పియానోలో నాలుగైదు స్వరాల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది, డ్రమ్స్ దాని పక్కన వేరే లెక్కలో నడుస్తుంది, రెండూ కలుస్తాయనుకున్నచోట కలవవు. మామయ్య తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. ఓ నిమిషం బాగానే నడిచింది. తర్వాత చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఒరేయ్, వీళ్ళు సమం ఎక్కడ పెట్టార్రా?" అన్నాడు. సమం అంటే తాళం చుట్టు మొదలయ్యే దెబ్బ. మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నాడు. మూడోసారి తాళం మానేసి తల మాత్రం ఊపుతూ కూర్చున్నాడు, నాకు ఆ మూడోసారే సరైన వినికిడి అనిపించింది.

ఇక్కడ పియానిస్టు నాయకుడే గానీ కచేరీ అంతా తనమీదే నడిపించుకోడు. చాలాచోట్ల పియానో కూడా ఒక డ్రమ్మే. నాయకుడి చేతివేగం చూసి చప్పట్లు కొట్టే అలవాటున్న మనకి ఇది మొదట చప్పగా అనిపించొచ్చు, నిజం చెప్పాలంటే నాకూ అనిపించింది. శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ‘కౌంట్‌డౌన్’ అసలు రికార్డు రెండున్నర నిమిషాలు కూడా ఉండదు, కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, ఊపిరాడనివ్వకుండా మారిపోతాయి, వాయించేవాళ్ళకి పరీక్ష లాంటిది. అయ్యర్ దాన్ని తీసుకుని ఆ పరుగుపందెం పక్కన పెట్టి, పశ్చిమాఫ్రికా లయల మీద కూర్చోబెట్టాడు. సాహసమంటే నాకు ఇదీ. జాజ్ పియానిస్టు థెలోనియస్ మాంక్ రాసిన ‘వర్క్’ కూడా ఉంది. పక్షుల పేర్లతో మూడు ముక్కలున్నాయి, వాటిలో ‘గీస్’ నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

ఒక్క ‘బ్లడ్ కౌంట్’ దగ్గర మాత్రం డ్రమ్సూ బేసూ లేవు. జాజ్ స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ 1967లో కేన్సర్‌తో ఆస్పత్రిలో ఉండగా పూర్తిచేసిన పాట అది, ఆ ఏడే పోయాడు. అయ్యర్ ఒక్కడే కూర్చుని వాయిస్తాడు. అప్పటిదాకా ముగ్గురితో నిండిన గదిలోంచి ఇద్దరు లేచి వెళ్ళిపోయినట్టుంటుంది.

సరే, ఇప్పుడు ‘హుడ్’ పెడుతున్నాను, సౌండ్ కాస్త పెంచు బాబూ. తాళం వేసేవాళ్ళు వేయండి, తప్పిపోతే మొహమాటపడకండి. మా మామయ్య ముందు వరసలోనే ఉన్నాడు, ఆయన చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూద్దాం.