ముక్కులో ఎముక పెరగలేదు, నిట్రాడు ఒరిగింది

(తెర మీద: పక్కనుంచి గీసిన ముక్కు బొమ్మ)

"ముక్కులో ఎముక పెరిగిందట డాక్టరుగారూ, కోసేయాలట." మా ఓపీలో ఈ మాట వినని రోజు లేదు. ఆ ‘ఎముక’ అన్న మాట వల్ల కొందరు పిల్లల ముక్కులు పాడవుతున్నాయి. అందుకే ఈ వీడియో.

ముందు మీ ముక్కు పట్టుకుని చూడండి. కళ్లద్దాలు ఆనే చోట గట్టిగా ఉంది కదా, అది ఎముక. ఇంకాస్త కిందికి జరిపి పక్కకు నొక్కండి, కదులుతుంది. అక్కడినుంచి కొన దాకా కార్టిలేజే. స్కూల్లో మృదులాస్థి అని చదివాం. రెండు రంధ్రాల మధ్య గోడ, అంటే సెప్టమ్, వెనక వైపు ఎముక, ముందు వైపు కార్టిలేజ్.

దీనికి మనవాళ్లు పెట్టిన పేరు నాకు చాలా ఇష్టం: ముక్కు దూలం. తాటాకు పాకను గుర్తు తెచ్చుకోండి. నడుమ నిట్రాడు, దాని మీద దూలం, అక్కడినుంచి రెండు వైపులా వాలే వాసాలు, పైన తాటాకు. ముక్కూ అంతే. నడిమి గోడ ముందు అంచు నిట్రాడు, పై అంచు దూలం. పక్కలకు వాలిన కార్టిలేజ్‌లు వాసాలు. చర్మం తాటాకు. కొందరికి గోడ అడుగున ఎముక మొన తేలి ఉంటుంది, నిజమే. కానీ ఎక్కువగా జరిగేది పెరగడం కాదు, గోడ ఒక పక్కకు వంగడం.

ఇప్పుడు పిల్లల సంగతి. ముక్కుకు క్రికెట్ బంతి తగులుతుంది. రక్తం కారి ఆగిపోతుంది. ఎక్స్‌రే తీయిస్తారు, "ఎముక విరగలేదు" అనగానే టెన్షన్ తగ్గి ఇంటికి వెళ్లిపోతారు. ఎక్స్‌రేలో కార్టిలేజ్ కనిపించదండీ! కార్టిలేజ్‌లో రక్తనాళాలు ఉండవు. రెండు వైపులా అంటుకున్న పొరే దాన్ని పోషిస్తుంది. దెబ్బకు ఆ పొర కింద రక్తం చేరితే పోషణ ఆగిపోతుంది. చీము కూడా పట్టిందంటే కొద్ది రోజుల్లోనే కార్టిలేజ్ కరిగిపోతుంది. నిట్రాటికి చెద పట్టినట్టే. పాక నడుమ కుంగిపోతుంది, ముక్కు గుర్రపు జీనులా లోపలికి పోతుంది. పిల్లలకైతే ముక్కు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది.

కాబట్టి దెబ్బ తగిలాక ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయినా, లోపల నడిమి గోడ మీద మెత్తటి ఎర్రటి వాపు కనిపించినా, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. తెల్లారాక చూద్దాం అనుకోకండి. చిన్న గాటు పెట్టి ఆ రక్తం తీసేస్తారు. అంత చిన్న పని ఆలస్యమైనందుకు, పెద్దయ్యాక పక్కటెముక దగ్గరి కార్టిలేజ్ తెచ్చి ముక్కు కట్టాల్సి వస్తే నాకు చాలా బాధేస్తుంది.

సరే, వంగిన గోడకు చేసేది సెప్టోప్లాస్టీ. దారికి అడ్డంగా ఉందని నిట్రాడు పీకేస్తే పాక నిలుస్తుందా? అందుకే పై అంచున, ముందు అంచున కనీసం 1 సెంటీమీటరు వెడల్పు పట్టీ ఉంచి, వంగిన భాగాన్ని మాత్రమే తీయడమో సరిచేయడమో చేస్తారు. బయటి ముక్కు కూడా వంకరగా ఉంటే రెండూ కలిపి చేయాలి, అది సెప్టోరైనోప్లాస్టీ. నిట్రాడు ఒరిగే ఉంటే పైన తాటాకు ఎంత సర్దినా లాభం లేదు.

(వేలితో బుగ్గను పక్కకు లాగి) ఇలా లాగి గాలి పీల్చండి. హాయిగా ఆడిందా? అయితే ఇరుకు వాసాలు దూలాన్ని కలిసే మూలలో ఉండొచ్చు. ఆ కోణం సుమారు 10 నుంచి 15 డిగ్రీలే. ముక్కు దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు అదే. అందం కోసం ముక్కును మరీ సన్నగా చెక్కించుకుంటే మొదట మూసుకుపోయేదీ అదే. ఆపరేషన్‌కు ముందు, తర్వాత ఫొటోలు చూపించి ఒప్పించడం నాకు నచ్చదు, ఊపిరి ఆడుతోందో లేదో ఫొటోలో తెలియదు. ఆ మూలలో సన్నటి కార్టిలేజ్ ముక్కలు దూర్చి దారి వెడల్పు చేస్తారు. వాటిని స్ప్రెడర్ గ్రాఫ్ట్‌లు అంటారు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కవాస్జీ ముక్కును టిప్పు మనుషులు కోసేస్తే, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందినాయన నుదుటి చర్మం తిప్పి కొత్త ముక్కు కుట్టాడు. 1794లో లండన్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అదే పద్ధతిని లండన్‌లో చేశాడు. అది తాటాకు మాత్రమే. కింద వాసాలు లేకపోతే చర్మం ముడుచుకుపోతుంది. అందుకే ఇప్పుడు చెవి నుంచో పక్కటెముక నుంచో కార్టిలేజ్ తెచ్చి ముందు వాసాలు కడతారు, ఆ తర్వాతే నుదుటి చర్మం.

ఎముక నిజంగానే విరిగితే పెద్దవాళ్లకు వారం, పది రోజుల్లో సర్దించాలి, పిల్లలకు ఇంకా ముందే. అందం కోసమైతే ఎదుగుదల ఆగేదాకా ఆగండి. చేయించుకున్నాక నెలకే అద్దం చూసి కంగారు పడకండి, కొన దగ్గరి వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పడుతుంది.